పిట్టల్ని చూడ్డానికీ ఓ కారణం కావాలా?

ఆడది గడప దాటాలంటే ఓ కారణం చెప్పాలి. ఆ కారణం కూడా ఏదిపడితే అది చెల్లదు. పెళ్ళి, పేరంటం, పురుడు, చావు, ఆస్పత్రి, పిల్లల స్కూలు మీటింగు, చీరల షాపు... ఇవన్నీ చెల్లుబాటయ్యే కారణాలు. గుడికంటే ఎవరూ కాదనరు. మేడారం జాతరకంటే ఇంటిల్లిపాదీ బయల్దేరతారు. కానీ, "రేపు పొద్దున్నే చెరువు దగ్గరికి పిట్టల్ని చూడ్డానికి పోతున్నా" అని చెప్పి చూడండి! ఒక్క క్షణం ఎవరికీ నోట మాట రాదు. ఆ తర్వాత ప్రశ్నల వాన మొదలవుతుంది.

"పిట్టలా? మన గోడ మీద లేవా పిట్టలు?"

"ఎవరెవరు పోతున్నరు? మగవాళ్ళెవరన్నా ఉన్నరా?"

"అంత పొద్దుగాల పోతే మరి టిఫినెవరు చేస్తరు?"

అసలు ప్రశ్న ఈ మూడోదే. మొదటి రెండూ దానికి ముందు వచ్చే దరువు మాత్రమే!

మొన్న జనవరిలో మేం పదకొండు మందిమి ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పుకుని బయటపడ్డాం. జనగామ నుంచి ఏడుగురం, మహబూబాబాద్ నుంచి నలుగురు. అందులో నాలాంటి గృహిణులు అయిదుగురు. ఒక టీచరమ్మ, ఒక రిటైరైన నర్సు, ఇంట్లోనే మిషన్ కుట్టే ఆమె, అంగన్‌వాడీలో పనిచేసే ఆమె, డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు. పదకొండో మనిషి మాలో ఒకరి అత్తమ్మ. డెబ్బై ఏళ్ళకు దగ్గర పడిన మనిషి. కోడలు ఒంటరిగా పోవడం ఇష్టంలేక ఆమే వెంట వచ్చింది. ఇంకొకామె గుడికని చెప్పి వచ్చింది. "దారిలో గుడి ఉంటది కదా, దండం పెట్టుకుంటే అబద్ధమెట్లయితది?" అని ఆమె వాదన!

నవ్వుకోవడానికి బానే ఉంది. కానీ ఆలోచించండి... నలభై ఏళ్ళ ఆడమనిషి చెరువు చూడ్డానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకోవాలా?

టికెట్టు సున్నా, పర్మిషన్ మాత్రం...

మన తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు చేతిలో పెడతారు. డబ్బుల్లేక పుట్టింటికి పోలేని వాళ్ళు పోతున్నారు, దూరమని కాలేజీ మానేసిన ఆడపిల్లలు మళ్ళీ చదువుకుంటున్నారు. మంచిదే. కానీ ఆ బస్సెక్కి మనం ఎక్కడెక్కడికి పోతున్నామో ఒకసారి లెక్క వేసుకోండి. పనికి పోతున్నాం, ఆస్పత్రికి పోతున్నాం, మార్కెట్‌కి, గుడికి, చుట్టాలింటికి పోతున్నాం. అంటే ఎవరికోసమో, దేనికోసమో పోతున్నాం. ఊరికే పోయి, ఊరికే చూసి, ఊరికే తిరిగొచ్చే ప్రయాణం అందులో ఒక్కటైనా ఉందా? టికెట్టు ధర సున్నా అయింది కానీ, ఇంట్లో పర్మిషన్ ఖరీదు తగ్గలేదు.

మగవాళ్ళకు ఈ బాధ లేదు. చెరువు కట్ట మీద స్నేహితులతో కూర్చుని సాయంత్రమంతా గడిపినా, "ఏం పని మీద పోయావ్?" అని ఎవరూ అడగరు. గాలికి పోయానంటే చాలు. మనకేమో గాలి కూడా వంటింటి కిటికీలోంచే రావాలి!

ఒక ఆడది తవ్వించిన చెరువు

మేం ముందురోజు సాయంత్రం రైల్లో మహబూబాబాద్ చేరి, ఒక స్నేహితురాలింట్లో చాపలు పరుచుకుని పడుకున్నాం. తెల్లారకముందే ఆటోల్లో బయ్యారం చెరువుకు పోయాం. పాకాల, లక్నవరం, రామప్ప అందరికీ తెలిసిన పేర్లు. ఈ బయ్యారం చెరువే ఎందుకంటే, దాని కథ మన ఆడవాళ్ళందరూ తెలుసుకోదగ్గది.

కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన చెరువిది. 'ధర్మకీర్తి సముద్రం' అని పేరు పెట్టింది. ఆ సంగతి చెప్పే శాసనం కూడా ఉంది. కాకతీయుల వంశ చరిత్ర తెలుసుకోవడానికి చరిత్రకారులకు బాగా పనికొచ్చిన శాసనాల్లో అదొకటి. అంటే రాజుల వంశవృక్షం మనకు తెలిసింది ఒక ఆడమనిషి చెరువు తవ్వించి, ఆ మాట రాతి మీద చెక్కించడం వల్ల. రుద్రమదేవి కత్తి పట్టిన సంగతి పిల్లలకు పాఠంగా చెప్తాం. ఆమె మేనత్త చెరువు తవ్వించిన సంగతి మనలో ఎంతమందికి తెలుసు? కత్తి సంగతి కథగా మిగిలింది. చెరువు మాత్రం ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తోంది.

పొగమంచులో మొదట ఏమీ కనపడలేదు. మెల్లగా వెలుతురొచ్చేసరికి నీళ్ళ మీద నల్లటి చుక్కలు కనిపించాయి. చూస్తుండగానే అవి కదిలాయి... బొల్లికోళ్ళు! ఒళ్ళంతా నలుపు, నుదుటి మీద తెల్లటి బొట్టు. ఎండిన మోడు మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ నీటికాకులు. ఒడ్డున ఒంటరిగా, ధ్యానం చేసే మునిలా నారాయణ పక్షి. దూరంగా సూదిలాంటి తోకలున్న బాతుల గుంపు. పదకొండు మందికీ ఉన్నది ఒక్కటే బైనాక్యులర్. టీచరమ్మ వాళ్ళబ్బాయిది. వంతులవారీగా చూసుకున్నాం. ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి!

ఇంకో సంగతి చెప్తే మీరు నమ్మరు. పదకొండు మంది ఆడవాళ్ళం దాదాపు అరగంట సేపు మాట్లాడకుండా కూర్చున్నాం. మన మీద జోకులేసే మగ రచయితలందరూ గమనించాలని మనవి. మాట్లాడితే పిట్టలు ఎగిరిపోతాయని ఊరుకున్నాం. అంతే తప్ప ఎవరో నోరు మూసుకోమన్నారని కాదు. ఆ రెండు రకాల మౌనాలకూ ఎంత తేడా ఉందో అప్పుడే తెలిసింది.

చదువుకున్నవాళ్ళం మేం పుస్తకంలో బొమ్మలు వెతుకుతుంటే, వెంట వచ్చిన ఆ అత్తమ్మ మాత్రం పేర్లు టకటకా చెప్పేసింది. వయసులో ఉన్నప్పుడు చెరువు కింది పొలాల్లో నాట్లేసిన మనిషి. మేం నడుస్తుంటే ఓ తీతువు పిట్ట పెద్దగా అరుస్తూ లేచింది. మిషన్ కుట్టే ఆమె గతుక్కుమంది. తీతువు కూస్తే చావు కబురు వస్తుందని మనవాళ్ళ నమ్మకం కదా! పెద్దామె నవ్వింది. "చావు కోసం అరుస్తదా బిడ్డా? అది గుడ్లు నేల మీద పెడ్తది. ఎవడన్న తొక్కుతడేమోనని దాని భయం. మనిషి కనపడితే చాలు అట్లనే అరుస్తది" అంది.

పక్షుల పుస్తకాలూ ఇదే చెప్తాయి. తీతువుకు గూడు ఉండదు. నేల మీద నాలుగు రాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. ఏ కుక్కో మనిషో ఆ దరిదాపుల్లోకి వస్తే ప్రాణాలకు తెగించి అరుస్తుంది. అలవాటుగా మిగతా కాలంలోనూ, రాత్రిపూట కూడా అరుస్తుంది. తన బిడ్డల కోసం గొంతెత్తిన తల్లిని అపశకునం చేసింది లోకం! గొంతెత్తిన ఆడదానికి ఇలాంటి పేర్లు పెట్టడం లోకానికి కొత్తేం కాదుగా.

తెలుసుకుంటే తప్పేముంది?

పక్షుల్ని చూడటమంటే 'ఆహా, ఓహో' అనుకోవడం ఒక్కటే కాదు, తెలుసుకోవడం కూడా. ఉదాహరణకు మన పేపర్లలో, మాటల్లో ఏ కొంగ కనపడినా 'సైబీరియా కొంగ' అనేస్తాం. ఊళ్ళల్లో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలు సైబీరియా మొహమే చూడవు. అవి ఈ దేశం పక్షులే. నీళ్ళూ తిండీ చూసుకుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతాయి. అసలు సైబీరియా కొంగ అనేది వేరే పక్షి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి చలికాలంలో వచ్చేది. 2002 తర్వాత అక్కడికీ రావడం మానేసింది. ఆ దూరాల నుంచి నిజంగా వచ్చేవి మనం 'బాతులేగా' అని తీసిపారేసేవి. సూదితోక బాతులు సైబీరియా, మధ్య ఆసియాల వైపు నుంచి వస్తాయి. తల మీద రెండు నల్లచారలుండే బార్ హెడెడ్ గూస్ టిబెట్, మంగోలియాల నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ఏడు వేల మీటర్ల పైన కూడా అది ఎగిరినట్టు శాస్త్రవేత్తలు పరికరాలు కట్టి మరీ కనుక్కున్నారు. అంత దూరం ఎగిరొచ్చిన అతిథి మన చెరువులో దిగితే, మనం పక్క రోడ్డు మీదే బస్సులో పోతూ సెల్‌ఫోన్ చూసుకుంటుంటాం.

జక్కవ పక్షి సంగతి మరీ విచిత్రం. చక్రవాకం అన్నా అదే. పగలు జంటగా ఉండి, రాత్రయితే విడిపోయి విరహంతో వేగిపోతాయని మన కావ్యాల్లో చెప్పుకుంటారు. ప్రబంధ కవులు స్త్రీల వక్షోజాలను వర్ణించాలంటే జక్కవల జంటతోనే పోల్చారు. ఆ జక్కవ కల్పన కాదు, నిజంగా ఉన్న పక్షి. నారింజ పసుపు రంగులో మెరిసే బాతు. లడఖ్, టిబెట్ వైపు నుంచి చలికాలంలో మనవైపు పెద్ద చెరువులకు, గోదావరి ఇసుకతిన్నెలకు వస్తుంది. ఆ పక్షిని మన ఒంటికి పోలికగా వాడుకున్నారు కానీ, ఆ పక్షిని కళ్ళారా చూసే తీరిక మనకుండాలని ఏ కవికీ తోచినట్టు లేదు!

ఇవన్నీ మగవాళ్ళకో, శాస్త్రవేత్తలకో తగిన విషయాలనుకుంటే పొరపాటు. ఢిల్లీ పక్షుల మీద మంచి పుస్తకం రాసింది ఉషా గంగూలీ. పక్షుల్ని చూడటం ఆమెకు ఉద్యోగం కాదు, ఇష్టం. ఆమె పోయాక 1975లో ఆ పుస్తకం వెలువడింది. జమాల్ ఆరా పెద్ద చదువులు చదవలేదు. రాంచీ వైపు అడవుల్లో తిరిగి తిరిగి నేర్చుకుని, పిల్లల కోసం పక్షుల పుస్తకం రాస్తే నేషనల్ బుక్ ట్రస్ట్ 1970లో వేసింది. అమెరికాలో ఫీబీ స్నెట్‌సింగర్ నలుగురు పిల్లల తల్లి. 34 ఏళ్ళ వయసులో, 1965లో పక్షుల్ని చూడటం మొదలుపెట్టింది. 1981లో క్యాన్సర్ బయటపడి, ఇక ఏడాది మించి బతకదన్నారు. ఏడుస్తూ కూర్చోకుండా దేశదేశాలు తిరిగింది. మరో 18 ఏళ్ళు బతికింది. ఎనిమిది వేల రకాలకు పైగా పక్షుల్ని చూసింది. 34 ఏళ్ళంటే మనలో చాలామంది, "ఇంకేముంది, పిల్లలు సెటిలయితే చాలు" అనుకునే వయసు!

చూసేవాళ్ళు లేని చెరువు

"సరే, చూశారు, సంతోషించారు. దీనివల్ల లోకానికేం లాభం?" అని అడుగుతారేమో. లాభం లేకపోయినా పోవచ్చునని నా అభిప్రాయం. అయినా చెప్తాను.

ఒకప్పుడు ఆడవాళ్ళు రోజూ చెరువు దగ్గరే ఉండేవాళ్ళు. నీళ్ళకు, బట్టలుతకడానికి, బర్లను కడగడానికి, నాట్లకు, కలుపులకు... ఏ మూల ఎంత లోతుందో, ఏ కాలంలో ఏ పిట్ట వస్తుందో వాళ్ళకు తెలిసేది. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ పుణ్యమా అని బిందెల బరువు చాలావరకు తప్పింది. ఎంతో మంచిది. బిందెలు మోసిన కాలం తిరిగి రావాలని నేననను. ఆ బరువు ఎలాంటిదో మోసిన నడుములకు తెలుసు. కానీ నీళ్ళ చాకిరీతో పాటు చెరువుతో మనకున్న చుట్టరికం కూడా తెగిపోయింది. టౌన్లలో ఉండే మనం ఇప్పుడు చెరువు మొహం చూసేది ఏడాదికోసారి, బతుకమ్మను సాగనంపడానికి. అదీ చీకట్లో, ట్యూబులైట్ల వెలుగులో!

రోజూ చూసే కళ్ళు లేకపోతే చెరువు ఏమవుతుంది? ఓ పక్క నుంచి ఇళ్ళు కూల్చిన మట్టి వచ్చి పడుతుంది. ఇంకో పక్క హద్దురాళ్ళు పాతుతారు. మురుగు కాలువ వచ్చి కలుస్తుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి రాష్ట్రంలో వేల చెరువుల్లో పూడిక తీశారు. నీళ్ళు నిలవడానికి అది కావల్సిందే. కానీ ఏ చెరువుకైనా లోతు ఒక్కటే సరిపోదు. అంచుల్లో మోకాలి లోతు నీళ్ళు, బురద, తుంగ, జమ్ము కూడా ఉండాలి. పొడుగుకాళ్ళ పిట్టలకు తిండి దొరికేది అక్కడే. చాలా నీటిపక్షులు గూడు కట్టేదీ అక్కడే. చుట్టూ రాళ్ళు పేర్చి, వాకింగ్ ట్రాక్ వేసి, రంగు లైట్లు పెట్టి 'అందం' చేశామంటే పిట్టలకు నిలువనీడ లేనట్టే. ఈ తేడా ఇంజనీరుకు ఎవరు చెప్పాలి? పోయి చూసినవాళ్ళు చెప్పాలి. మనం పోలేదు. కాబట్టి చెప్పలేదు.

ఆడవాళ్ళు పట్టించుకుంటే ఏమవుతుందో అస్సాం ఆడవాళ్ళు చూపించారు. అక్కడ హర్గిలా అనే పెద్ద కొంగను అపశకునమని, అసహ్యమని అది గూడు కట్టే చెట్లే కొట్టేసేవాళ్ళు. పూర్ణిమా దేవి బర్మన్ అనే శాస్త్రవేత్త పల్లెటూరి ఆడవాళ్ళ దగ్గరికి పోయి కూర్చుని మాట్లాడింది. వాళ్ళు ఆ కొంగలకు సీమంతం లాంటి వేడుక చేశారు. చీరల మీద ఆ బొమ్మ నేశారు. చెట్లు కొట్టడం ఆపారు. ఇవాళ ఆ దళంలో పదివేల మందికి పైగా ఆడవాళ్ళున్నారు. 2022లో పూర్ణిమకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం దక్కింది. మన పల్లెల్లోనూ గూళ్ళు కట్టడానికి వచ్చే కొంగల్ని పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకునే ఊళ్ళున్నాయి. అంత చక్కటి మాట మన దగ్గరే ఉన్నప్పుడు ఆ పని కూడా మనం చేయొచ్చు కదా!

కొన్ని అభ్యంతరాలు

"ఇది తిన్నది అరగనివాళ్ళ సరదా" అని మా బంధువొకాయన అన్నాడు. ఖర్చు లెక్క చెప్తాను వినండి. రైలు, ఆటోలు, ఇంటి నుంచి కట్టుకెళ్ళిన పులిహోర, సర్వపిండి... మనిషికి ఒక సినిమా ఖర్చు కూడా కాలేదు. పిట్టలు టికెట్టు అడగవు. ఇక తీరిక సంగతంటారా, తీరిక ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వరు. ఆ రోజు మా ఇళ్ళల్లో ఎవరూ పస్తులుండలేదు. మా వారు ఉప్మా చేశారు. ఉప్పెక్కువైందట. ఫరవాలేదు, రెండోసారికి సరిపోతుంది.

అయితే ఒక మాట. మనకు చూడ్డానికి అందంగా ఉన్న చెరువు ఇంకో ఆడదానికి పనిచేసే చోటు. చేపలమ్మే ఆమె, మేకలు కాసే పిల్ల, నాట్లేసే కూలీలు అక్కడే ఉంటారు. వాళ్ళ దారికి అడ్డంగా సెల్ఫీలు దిగితే మనకూ పిక్నిక్ బ్యాచ్‌కీ తేడా లేదు. వాళ్ళతో మాట కలపండి. మనకు పుస్తకంలో దొరకనిది వాళ్ళ నోట దొరుకుతుంది.

ఇంకో అభ్యంతరం మాత్రం నిజమైనదే... ఒంటేలుకు పోవడానికి చోటు లేదు! తెల్లారకముందు బయల్దేరి, ఎండెక్కేదాకా మంచినీళ్ళు తాగకుండా ఉన్నవాళ్ళు మాలో సగంమంది. ఆడవాళ్ళు ఊరు దాటకపోవడానికి భయం ఎంత కారణమో, ఇదీ అంతే కారణం. చెరువుల దగ్గర బోటింగూ, విగ్రహాలూ పెట్టేవాళ్ళు ముందు నీళ్ళొచ్చే శుభ్రమైన మరుగుదొడ్డి ఒకటి కట్టాలి. ఇది అడగడానికి మనం సిగ్గుపడాల్సిన పనిలేదు. కట్టనివాళ్ళు సిగ్గుపడాలి.

మీ ఊళ్ళోనూ...

వలస పక్షుల్ని చూడ్డానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. దానికోసం పాకాల దాకానే పోనక్కర్లేదు. మా జనగామ పక్కన చీటకోడూరు రిజర్వాయరుంది. భూపాలపల్లి వాళ్ళకు ఘనపూర్‌లో గణపసముద్రం ఉంది. కోటగుళ్ళు కూడా చూసి రావచ్చు. నలుగురు పోగయితే చాలు. ముదురు ఎరుపు, పసుపు చీరలు ఆ ఒక్కరోజుకు పక్కన పెట్టి, మట్టిరంగువి కట్టుకోండి. ఫోన్లో పాటలు వద్దు. పిట్టను దగ్గరగా ఫోటో తీయాలని తరమొద్దు. తెచ్చిన కవర్లు తిరిగి తీసుకుపోండి. ఓ నోట్‌బుక్కులో తేదీ, చెరువు పేరు, ఏ పిట్ట, ఎన్ని కనిపించాయో రాసుకోండి. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, కాళ్ళు ఎలా ఉన్నాయో రాయండి. ప్రతి జనవరిలో ఆసియా దేశాలంతటా నీటిపక్షుల లెక్క తీస్తారు. 1987 నుంచి జరుగుతున్న పని అది. చేసేవాళ్ళు ఎక్కువగా మనలాంటి మామూలు మనుషులే. కూరగాయల లెక్క, పాల లెక్క, చీటీల లెక్క తప్పకుండా రాసే మనకు పిట్టల లెక్క ఓ లెక్కా?

పోనివ్వనన్న ఇంట్లో పోట్లాడమని నేను చెప్పను. ఎవరి సంసారం సంగతి వాళ్ళకు తెలుసు. కానీ, ఒక్క సాయం చేయండి. గుడి పేరు, డాక్టరు పేరు, చుట్టాల పేరు అడ్డం పెట్టుకోకండి. ఎందుకు పోతున్నావని అడిగితే, "చూడాలనిపించింది" అని చెప్పండి. ఇన్నేళ్ళుగా మగవాళ్ళకు ఆ ఒక్క మాటే సరిపోయింది. మనకెందుకు సరిపోదో వాళ్ళనే చెప్పమందాం!